నేలకు ఒక్క మెతుకు చాలదు

ఇరవై ఆరేళ్ళు క్వీన్స్‌లాండ్ బొగ్గు గనుల దగ్గర మట్టి చూడటమే నా ఉద్యోగం. దాని పేరు సాయిల్ సర్వేయర్. బొగ్గు కోసం నేలను చీల్చకముందే మేం వెళ్ళాలి. ఏ చోట ఏ రకం మట్టి ఉందో, ఎంత లోతు వరకు అది పనికొస్తుందో చూసి మ్యాపు గీసి ఇవ్వాలి. ఆ మ్యాపు ప్రకారం బుల్‌డోజర్లు పై మట్టిని గీకి పక్కన కుప్ప పోస్తాయి. బొగ్గు తీయడం అయ్యాక గుంతలు పూడ్చి, ఆ పై మట్టిని మళ్ళీ పరిచి, గడ్డి విత్తనం చల్లుతారు. గడ్డి మొలిస్తే మా మ్యాపు మంచిది. మొలవకపోతే కాదు. ఈ ఉద్యోగానికి ఇంతకంటే పెద్ద నిర్వచనం నాకు తెలియదు.

పోయిన ఏడాది రిటైరయ్యాను. టూవూంబాలో మా ఇంటి వెనక నాలుగు బెండ మొక్కలు, ఒక కరివేపాకు మొక్క, ఒక పడక కుర్చీ నా ఆస్తి. మధ్యాహ్నం కునుకు పడితే చాలు, పడమటి మైదానాలు వచ్చేస్తాయి. ఎండకు వణుకుతూ కనిపించే దూరపు చెట్ల వరస, ఎక్కడో ఒక కాకి అరుపు, ఎంత నడిచినా దగ్గర కాని ఆకాశపు అంచు. నిద్రలో నా కుడి చేతి వేళ్ళు మట్టి పిసుకుతున్నట్టు కదులుతాయట. "జీతం ఆగినా డ్యూటీ ఆగలేదు" అంటుంది మా ఆవిడ సుజాత.

ఇది రాయడానికి కారణం స్రవంతి. నిజామాబాద్ వైపు అమ్మాయి. ఇక్కడి యూనివర్సిటీలో చదివి, నేను వదిలిన సంస్థలోనే చేరింది. చేరే ముందు వారం మా ఇంటికి వచ్చింది. దోసె తింటూ, "అంకుల్, ఫస్ట్ డే సైట్‌కి పోయినంక ఫస్ట్ ఏం చెయ్యాలె?" అని అడిగింది.

"కూర్చోవాలమ్మా" అన్నాను.

జోకు అనుకుని నవ్వింది. నవ్వాక నా మొహం చూసి దోసె పక్కన పెట్టింది. ఆ పిల్ల కోసం, ఈ పనిలోకి వచ్చే ఆమె ఈడు వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. ఫారాలు ఎలా నింపాలో ఆఫీసు నేర్పుతుంది. నేను చేసిన పెద్ద తప్పును మాత్రం ఏ ఆఫీసూ నేర్పదు. అది నేనే చెప్పుకోవాలి.

కూర్చున్నందుకు జీతం

నా మొదటి బాస్ కెన్. అప్పటికే అరవైకి దగ్గర పడ్డాడు. మోకాళ్ళ దాకా సాక్సు, చెవి మీద పెన్సిలు, రోజుకు పది మాటలు. సైటుకు వెళ్ళగానే యూట్ అనే పికప్ బండి ఆపి, వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకునేవాడు. అరగంట కదిలేవాడు కాదు.

మొదటి రోజు నాకు ఒళ్ళంతా ఆత్రం. ప్రకాశం జిల్లా పర్చూరు వైపు రైతు కుటుంబం మాది. మన దగ్గర వ్యవసాయ శాస్త్రం చదివి, పన్నెండేళ్ళు అక్కడే మట్టి పరీక్షల పని చేసి వచ్చిన వాణ్ణి. తడాఖా చూపించాలని ఆగర్ తీసుకుని బయల్దేరాను. ఆగర్ అంటే నిలబడి చేత్తో తిప్పే పెద్ద బర్మా. తిప్పే కొద్దీ మట్టి పొరలు పొరలుగా పైకి వస్తుంది.

కెన్ ఎక్కడికని అడిగాడు. తవ్వడానికన్నాను. దేన్ని తవ్వడానికని అడిగాడు. ఆగర్ తిరిగి బండిలో పెట్టాను. వచ్చి పక్కన కూర్చున్నాను.

ఆ అరగంటలో చూడాల్సింది చాలా ఉంటుంది. వెండి రంగు ఆకుల బ్రిగలో చెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయి? బ్రిగలో మన తుమ్మకు దూరపు చుట్టం, బంకమట్టి ఉన్న చోటే గుంపుగా నిలబడుతుంది. చీమల పుట్టలు ఎర్రగా ఉన్నాయా, బూడిద రంగులో ఉన్నాయా? చీమలు మనకంటే ముందే లోపలి మట్టిని పైకి తెచ్చి పెడతాయి. పోయిన వాన నీళ్ళు ఏ దారిన నడిచాయి? ఇవన్నీ చూస్తూ ఉంటే నేల మెల్లగా ముక్కలు ముక్కలుగా విడిపోయి, మ్యాపు తనంతట తానే కళ్ళ ముందు గీసుకుంటుంది. నాకు చిన్నప్పటి నుంచి పగటి కలల జబ్బు ఉంది. బళ్ళో దానికి బెత్తం దెబ్బలు తిన్నాను. ఆ కలలకు జీతమిచ్చిన మొదటి మనిషి కెన్. నువ్వు బాగా కూర్చుంటావని ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు నాకు తలకెక్కింది.

పద్ధతులు రెండు. నేలంతా గళ్ళు గీసి ప్రతి మూల దగ్గరా తవ్వడం ఒకటి. నేలను చదువుకుంటూ వెళ్ళి, మారిందనిపించిన చోట తవ్వడం రెండోది. మొదటి పద్ధతి బద్ధకస్తుణ్ణి కాపాడుతుంది. రెండోది గర్విష్ఠిని ముంచుతుంది. నేను బద్ధకస్తుణ్ణి కాను.

ఒక చేతికి గ్లవ్, ఒక చేతికి మట్టి

మైను సైటులో అడుగు పెట్టాలంటే తాగి రాలేదని పొద్దున్నే గేటు దగ్గర గొట్టంలో ఊది చూపించాలి. హెల్మెట్, మెరిసే చొక్కా, ఇనప ముక్కు బూట్లు ఉండాలి. ఒక సైటులో చేతులకు గ్లవ్స్ తీయకూడదన్నారు. గ్లవ్స్ తొడుక్కుని మట్టి పరీక్ష చేయడమంటే గ్లవ్స్ తొడుక్కుని పప్పన్నం కలుపుకోవడమే. కెన్ సేఫ్టీ అధికారితో వాదించలేదు. ఎడమ చేతి గ్లవ్ ఉంచుకుని కుడి చేతిది తీసేశాడు. ఒకటి నీకోసం, ఒకటి నాకోసం అన్నాడట. ఆ రాజీయే తర్వాత ఆ సైటులో రూలు అయింది.

చేతి పరీక్ష ఇలా ఉంటుంది. చారెడు మట్టి తీసుకుని కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ జంతికల పిండిలా కలపాలి. ఉండ చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయాలి. ఎంత పొడుగు సాగితే అంత బంక. గరగరలాడితే ఇసుక. రంగుల పుస్తకం తెరిచి ఏ రంగో రాసుకోవాలి.

చివరిది నీళ్ళ కప్పు. నాకు చాలా ఇష్టమైనది ఇదే. గాజు కప్పులో వాన నీళ్ళు పోసి, శనగ గింజంత మట్టి గడ్డ వదలాలి. కలపకూడదు, ఊపకూడదు, ఊరికే చూడాలి. గడ్డ అలాగే ఉన్నా, పొడిపొడిగా విడిపోయినా భయం లేదు. దాని చుట్టూ పాలలా మబ్బు కమ్మితే, మా భాషలో డిస్పర్స్ అయితే మాత్రం అందులో ఉప్పు గుణం ముదిరిందని లెక్క. మన ఊళ్ళో చౌడు అనే నేల లక్షణం అది. అలాంటి మట్టిని పైన పరిస్తే వానకు కరిగిపోతుంది, ఎండకు పెంకు కడుతుంది. కింద విత్తనం ఉన్నా తల ఎత్తలేదు. ఆ కప్పు ముందు కూర్చుని, మబ్బు వస్తుందా రాదా అని చూస్తూ నేను జీవితంలో ఎన్ని గంటలు గడిపానో చెప్పలేను. అంత హాయైన ఎదురుచూపు మరొకటి నాకు తెలియదు.

మార్గరెట్ పొలం

టూవూంబా నుంచి పడమరగా నాలుగు గంటల ప్రయాణం. మార్గరెట్‌కు అప్పుడు అరవై ఏళ్ళుంటాయి. నాలుగు తరాలుగా వాళ్ళది పశువుల మేత భూమి. ఒక్కతే నడిపేది. కింద బొగ్గు ఉందని తేలింది. తవ్వడం అయ్యాక మళ్ళీ పశువులు మేసే నేలగా తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం. వాగుకు అవతలి ముక్క మొదట, ఇవతలి ముక్క తర్వాత. రెండింటికీ మ్యాపు గీసే పని మాకు వచ్చింది. కెన్‌కు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నువ్వు బాగా కూర్చుంటావు కదా, నువ్వే వెళ్ళు అన్నాడు.

అది గిల్‌గాయ్ నేల. ఈ దేశంలో బంకమట్టి వేల ఏళ్ళుగా తడికి ఉబ్బుతూ, ఎండకు కుంగుతూ ఉండటం వల్ల నేలంతా మిట్టలూ గుంతలుగా తయారవుతుంది. మనిషి కూర్చుంటే మునిగేంత గుంత, పది అడుగుల్లో మిట్ట, మళ్ళీ గుంత. అలా మైళ్ళ కొద్దీ. వాన పడితే ప్రతి గుంతా ఒక మడుగు. నేను వెళ్ళే సరికి మడుగులు ఇంకి పోతున్నాయి. అడుగున మెత్తటి నల్లమట్టి, అక్కడక్కడా బీటలు.

మొదటి గుంతలోకి దిగి ఆగర్ తిప్పాను. వెన్నలో దిగినట్టు దిగింది. రెండు అడుగుల దాకా నల్లగా, చక్కటి మట్టి. కప్పులో వేస్తే మబ్బు లేదు. పిడికెడు తీసి వాసన చూశాను. మా శనగ చేను వాసన. చిన్నప్పుడు ఆ చేలో బీటలోకి నా బలపం జారిపోయి ఏడ్చాను. చెయ్యి మోచేతి దాకా పెట్టి వెతికినా దొరకలేదు. గాలి తగలని ఆ గుంతలో కూర్చుని ఉంటే, ఆ బలపం భూమి లోపల్లోపలే నడిచి ఇటు వచ్చి ఉంటుందేమో, ఇంకాస్త తవ్వితే తగులుతుందేమో అనిపించింది. నవ్వకండి. నాలుగు గంటలు దాటినా మరో మనిషి కనపడని చోట ఇలాంటివి నిజంగానే అనిపిస్తాయి.

తర్వాతి గుంతా అంతే. ఆ తర్వాతిదీ అంతే. ఒక మిట్ట ఎక్కి తవ్వబోయాను. ఇటుక మీద గీసినట్టు అయింది. జానెడు దిగి ఆగర్ ఆగిపోయింది. మణికట్టు నొప్పి పుట్టింది. పుస్తకంలో రాసుకుని, దిగి మళ్ళీ గుంతలోకే వెళ్ళాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? మా అమ్మ జన్మంతా అలాగే చూసింది, ఒక్కరోజు కూడా పలుకు అన్నం పెట్టలేదు. నేను ఒకటి కాదు, నలభై మెతుకులు పట్టి చూశాను.

నలభైయీ గుంతల్లోవే.

చివరి రోజు సాయంత్రం మార్గరెట్ వరండాలో అల్లం బిస్కెట్లు పెట్టింది. వారం రోజులుగా నన్ను చూస్తున్నా ఏమీ అడగని మనిషి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మళ్ళీ గడ్డి వస్తుందా?"

"అరవై సెంటీమీటర్ల మంచి మట్టి ఉంది. నిశ్చింతగా ఉండండి" అన్నాను. మ్యాపులోనూ అదే రాశాను. కెన్ సంతకం చేశాడు.

మబ్బు

ఐదేళ్ళ తర్వాత మార్గరెట్ ఆఫీసుకు ఫోన్ చేసి, నా పేరు చెప్పి అడిగింది. ఒకసారి వచ్చి చూడమంది. అంతకు మించి మాట్లాడలేదు.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. దారి పొడుగునా రెండు పక్కలా పచ్చగా ఉంది. వాగు దాటాక పచ్చదనం ఆగిపోయింది. మేం పరిపించిన మట్టి తెల్లటి పెంకు కట్టి పడి ఉంది. అక్కడక్కడా నాలుగు గడ్డి పరకలు. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. ఆమె కంచె దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు. నేను కప్పులో నీళ్ళు పోసి చిన్న గడ్డ వదిలాను. నిమిషం తిరక్కుండానే పాలు కమ్మాయి.

ఎందుకిలా అయిందని అడిగింది. నోట్సు చూసి చెబుతానన్నాను. నోట్సు చూడక్కర్లేదని నాకు అప్పటికే తెలుసు.

వాళ్ళు నా మ్యాపు ప్రకారం అంతటా అరవై సెంటీమీటర్లు గీకారు. గుంతల్లో అది మంచి మట్టే. మిట్టల్లో జానెడు కిందే చౌడు మొదలవుతుంది. వాన నీళ్ళు గుంతల్లో నిలిచి ఉప్పును లోతుకు దించుతాయి. మిట్టల మీద నిలవవు కాబట్టి ఉప్పు పైపైనే ఉండిపోతుంది. బుల్‌డోజరు రెండింటినీ కలిపి కుప్ప పోసింది. గుప్పెడు ఉప్పు పడ్డ పాయసం మొత్తం ఉప్పే కదా.

కెన్ నా నోట్సు పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. ఒక చోట పెన్సిలు ఆపాడు. "మిట్ట. చాలా గట్టి. జానెడులో ఆగింది. వదిలేశాను." నా చేతిరాతే. మిగతావి ఎక్కడ తవ్వావని అడిగాడు. గుంతల్లో అన్నాను. నేల ఒకే ఒక్కసారి నోరు తెరిచి చెప్పింది, నేను మణికట్టు నొప్పని వెళ్ళిపోయాను. కెన్ పుస్తకం మూసి, తన సంతకం ఉన్న మ్యాపు బయటికి తీశాడు. సంతకం పెట్టే ముందు ఆయన కూడా వెళ్ళి ఒక్క మిట్ట ఎక్కలేదు.

మైను మేనేజరు దగ్గర అప్పటికే ఒక వివరణ తయారుగా ఉంది. విత్తనం వేసిన ఏడాది వాన సమయానికి పడలేదని, డోజర్ల కాంట్రాక్టరు నిర్లక్ష్యం చేశాడని. మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపడం లేదు. ఊరుకుంటే సరిపోతుంది. అయితే ఇవతలి ముక్క, మొదటిదానికి మూడు రెట్లు పెద్దది, అదే మ్యాపుతో ఇంకో పన్నెండు రోజుల్లో గీకబోతున్నారు. ఊరుకుంటే మార్గరెట్‌కు మిగిలేది ఇల్లూ, వాగూ, రెండు వైపులా తెల్లటి పెంకు.

నా భయం కూడా చెప్పాలి. అప్పటికి మా పీఆర్, అంటే ఇక్కడ స్థిరపడే అనుమతి, రాలేదు. నేను ఆ సంస్థ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నాను. పని పోతే దేశం వదలాలి. మా పాప బళ్ళో ప్రెప్ క్లాసులో చేరి నెల అయింది. ఇంటికి వచ్చి జరిగిందంతా సుజాతకు చెప్పాను. ఆమె ధైర్యం చెప్పలేదు, భయపెట్టలేదు. "మరి ఆవిడకి ఏం చెప్పి వచ్చారు?" అని మాత్రం అడిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడం ఎలాగూ అయింది.

మర్నాడు కెన్ దగ్గరికి వెళ్ళే సరికి ఆయన కాగితం మీద ఒక వాక్యం రాసి పెట్టుకున్నాడు. మా మ్యాపు తప్పు, గీకడం ఆపండి అని. కింద సంతకాలకు చోటు ఉంది. ముందు నా పేరు ఉండాలన్నాను.

"తవ్వింది నువ్వు. నమ్మింది నేను," అన్నాడు. "రెండూ ఒకే లైనులో రాద్దాం."

ఉత్తరం పంపి నేను సరాసరి పడమటికి వెళ్ళాను. మార్గరెట్ పశువుల దొడ్డి దగ్గర ఉంది. "మీ నేలను పాడు చేసింది వానా కాదు, డోజర్లూ కాదు. నా మ్యాపు. నేను గుంతల్లో మాత్రమే తవ్వాను" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. ఒక ఆవు కంచెకు మెడ రుద్దుకుంటుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"రెండో ముక్కకు ఎన్ని రోజులున్నాయి?" అని అడిగింది చివరికి.

"పదకొండు."

"అయితే ఇక్కడెందుకు నిలబడ్డారు?"

పదకొండు రోజులు

మైను వాళ్ళు గీకే తేదీ మార్చలేదు. పదకొండు రోజుల్లో కొత్త మ్యాపు తెస్తే చూస్తామన్నారు. కెన్ మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని వచ్చాడు. ఈసారి జతలు జతలుగా తవ్వాం. ప్రతి గుంతకూ దాని పక్క మిట్ట. ఆగర్ దిగని చోట గునపం. గునపం దిగని చోట బ్యాక్‌హో యంత్రం తెప్పించి, మిట్ట నెత్తి నుంచి గుంత అడుగు దాకా అడ్డంగా కందకం కొట్టించాం.

ఆ కందకంలోకి దిగి గోడ వైపు చూసిన క్షణం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. గుంత కింద చౌడు గీత ఎక్కడో నడుము కింద ఉంది. అక్కడి నుంచి తెల్లటి చుక్కలతో మెల్లగా పైకి లేస్తూ, మిట్ట కింద దాదాపు గడ్డి వేళ్ళను తాకుతోంది. ఐదేళ్ళ నా తప్పు ఒక్క గోడ మీద గీసి ఉంది. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది లోపల. నేను చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. సిగ్గుతో పాటు ఆశ్చర్యం కూడా కలిగింది. ఇంత అందమైన గీతను నేను చూడకుండా ఎలా మ్యాపు గీశాను?

కొత్త మ్యాపు ఇలా చెప్పింది. మొదట అంతటా పైపైన జానెడు కంటే తక్కువ గీకి ఒక కుప్ప. తర్వాత గుంతల్లో మాత్రమే లోతుగా గీకి ఇంకో కుప్ప. మిట్టల కింది మట్టిని పైకి తేనే కూడదు. డోజర్ల వాళ్ళు సణిగారు. ప్రతి గుంతకూ గూటాలు పాతి రంగు గుడ్డలు కట్టాం. వాళ్ళలో ఒక పెద్దాయన, మిట్ట నుంచి గుంతకు దిగేటప్పుడు మట్టి రంగు మారడం తను ఏళ్ళుగా క్యాబిన్ లోంచి చూస్తున్నానన్నాడు. ఎవరికైనా చెప్పలేదేం అని అడిగాను. ఎవరూ అడగలేదన్నాడు.

ఆ మైను ఆ తర్వాత మాకు పని ఇవ్వలేదు. మా పీఆర్ ఆలస్యంగానైనా వచ్చింది. కెన్ ఆ సంగతి ఎత్తి నన్ను ఒక్కసారి కూడా పొడవలేదు. పొడిస్తే బాగుండేది.

ఒకటి రెండు మాటలు

కెన్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు తెలిసిన వాళ్ళలో నేలను ఆయన అంత బాగా చదివినవాడు లేడు. అయినా మెచ్చుకున్న శిష్యుడి పని తనిఖీ చేయకపోవడం ఆయన లోపం. బాస్ మిమ్మల్ని బాగా మెచ్చుకుంటున్నాడంటే మీ పని చూడటం మానేశాడేమో గమనించుకోండి.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహం బొమ్మలు వచ్చాయి. వాడుకోండి. మిట్టా గుంతా నేను నెలలో గీసినదాన్ని అవి గంటలో గీస్తాయి. గునపం ఠంగుమన్నప్పుడు మోచేతిలో పుట్టే కబురు మాత్రం వాటికి అందదు. తవ్వడం సులువుగా ఉన్న చోట మట్టి మంచిదే అయి ఉంటుంది, అందుకే అక్కడ మనం ఎక్కువ తవ్వుతాం. గట్టిగా ఉన్న చోట వదిలేస్తాం. ఈ పనిలో మోసమంతా ఇక్కడే ఉంది. అన్నం ఒక గిన్నెలో, ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడుకుతుంది కాబట్టి ఒక్క మెతుకు చాలు. నేలను ఎవరూ అలా ఉడికించలేదు.

కలలు కనడం మానమని మాత్రం చెప్పను. కల రాని వాడికి ఈ ఉద్యోగం నరకం. గుంతలో కూర్చుని కల కన్నాక లేచి మిట్ట ఎక్కాలి, అంతే.

పోయిన నెల

స్రవంతిని తీసుకుని మార్గరెట్ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఎనభై దాటాయి. చేతికర్ర వచ్చింది, చూపు మారలేదు. ఇవతలి ముక్కలో గడ్డి మోకాలెత్తున గాలికి ఊగుతోంది. మధ్యలో ఆవులు పడుకుని నెమరు వేస్తున్నాయి. అక్కడ ఒకప్పుడు తాటిచెట్టు లోతు గుంత ఉండేదని చెబితే స్రవంతి నమ్మలేదు.

అవతలి ముక్కలో తర్వాత మైను వాళ్ళు జిప్సం వేసి, వేరే మట్టి తెచ్చి చాలావరకు బాగు చేశారు. పలచగానైనా గడ్డి వచ్చింది. ఒక మూల మాత్రం అలాగే తెల్లగా ఉంది. దాన్ని ముట్టుకోవద్దని మార్గరెటే చెప్పిందట. ఎందుకని స్రవంతి అడిగింది. మ్యాపులు గీసేవాళ్ళకు చూపించడానికి ఉండాలి కదా అంది ఆమె.

ఆ తెల్లటి మూలలో ఎవరూ నాటని ఉప్పు మొక్క ఒకటి వచ్చింది. చౌడును తట్టుకుని బతికే బూడిద రంగు పొద, మోకాలి ఎత్తు. ఎక్కడి నుంచో గాలికి వచ్చిన గింజ. స్రవంతి దాని మొదట్లో కూర్చుని మట్టి తీసింది. నేను సంచిలోంచి నా పాత గాజు కప్పు తీసి, వాన నీళ్ళు పోసి ఇచ్చాను. గడ్డను నీళ్ళలో వదిలింది. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. మార్గరెట్ కూడా ఈసారి కంచె దాటి వచ్చి, కర్ర పక్కన పెట్టి కింద కూర్చుంది. ఎండ మెత్తబడింది. గాలి లేదు.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గడ్డ అంచున పలచటి తెల్లదనం లేచి, నిదానంగా చుట్టూ పరుచుకుంది.

"ఇంకా డిస్పర్స్ అయితున్నది అంకుల్," అంది స్రవంతి నెమ్మదిగా. "కానీ స్లోగా."

మార్గరెట్‌కు తెలుగు రాదు. మా మొహాలు చాలు. కప్పు అందుకుని వెలుగుకు ఎత్తి చూసింది. చూస్తూనే పాతికేళ్ళ కిందట వరండాలో అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగింది.

"ఇక్కడ గడ్డి వస్తుందా?"

"తెలియదు" అన్నాను.

"ఈ మాట అప్పుడే చెప్పాల్సింది" అంది. గొంతులో కోపం లేదు. ఆ పాల నీళ్ళను ఉప్పు మొక్క మొదట్లో జాగ్రత్తగా పోసి, కప్పును చొక్కా అంచుతో తుడిచి నాకు తిరిగి ఇచ్చింది.